ఏడాదిన్నర హైబ్రిడ్ పెట్టలు తోలుగుడ్లు పెడుతున్నాయి. తప్పు నాదా, జాతిదా?

ఐదుపెట్టలు
పెరట్లో ఐదు గోధుమరంగు హైబ్రిడ్ పెట్టలు పెంచుతున్నాను. 18 వారాల వయసులో తెచ్చాను, మూడు వారాలు తిరక్కుండానే గుడ్లు మొదలుపెట్టాయి. ఏడాది పాటు రోజూ నాలుగో ఐదో గుడ్లు, ఒక్క రోజు కూడా గూడు ఖాళీగా లేదు. ఇప్పుడు వాటికి ఏడాదిన్నర.

నెల రోజులుగా తేడా కనిపిస్తోంది. మొదట ఒక గుడ్డు పెంకు ఇసుక చల్లినట్టు గరుకుగా వచ్చింది. తర్వాత పెంకులు పల్చబడ్డాయి. గూట్లోంచి తీస్తుంటే ఒకదాంట్లోకి బొటనవేలు దిగిపోయింది. పోయిన వారం పొద్దున్నే తలుపు తీస్తే, రాత్రి అవి ఎక్కి కూర్చునే కర్ర కింద, పెంటలో తోలుగుడ్డు పడి ఉంది. పెంకన్నదే లేదు. తడి బెలూన్‌లా మెత్తగా, లోపల పచ్చసొన కదులుతూ కనిపించింది.

మొన్న ఒక పెట్ట చనిపోయింది. మూడు రోజులు తోక కిందికి వేలేసుకుని, నిటారుగా ఒకచోటే నిలబడింది. ఎత్తుకుంటే పొట్ట కింద నీళ్ల సంచిలా బరువుగా తగిలింది. నాలుగో రోజు లేదు.

తెలిసినవాళ్లకి చెబితే 'హైబ్రిడ్ అంటే అంతే, ఏడాది గుడ్లు పెట్టే మిషన్లు, తర్వాత పనికిరావు' అన్నారు. ఆ మాట బాగా గుచ్చుకుంది. నిజంగా జాతే అంతా, నేను ఏమైనా తప్పు చేశానా? మళ్లీ హైబ్రిడ్లే తెచ్చుకోవచ్చా?

నాటుమాట
జాతే అండీ. మాకు ఎప్పుడూ నాటుకోళ్లే. ఏడాదికి 60, 70 గుడ్లు పెడతాయి, మధ్యలో పొదుగుతాయి, పిల్లల్ని తిప్పుకుంటాయి, మళ్లీ పెడతాయి. తోలుగుడ్డు అనేది నేను చూడనే లేదు. రోజూ గుడ్డు పెట్టడం కోడి స్వభావం కాదు.

పాతగంప
జాతి సంగతి తర్వాత. ముందు ఇవి చెప్పండి. ఏం మేత వేస్తున్నారు, అందులో ఏమైనా కలుపుతున్నారా? కాల్షియం కోసం గుల్ల (ఆల్చిప్ప పలుకులు) విడిగా పెడుతున్నారా? ఈకలు రాలుతున్నాయా? రాత్రి ఎప్పుడైనా టార్చి వేసి కర్రలు చూశారా? తోలుగుడ్లు అన్నీ పెడుతున్నాయా, ఒకటేనా?

తెల్లారిపుంజు
పాతగంప గారు ప్రశ్నలు మొదలుపెట్టారంటే సగం కేసు తేలినట్టే. పోయినసారి నన్ను పదకొండు ప్రశ్నలు అడిగారు, పదో ప్రశ్నకే నా తప్పు నాకు తెలిసిపోయింది :)

ఐదుపెట్టలు
మొదట్నుంచీ లేయర్ మేతే (గుడ్లు పెట్టే పెట్టల కోసం తయారుచేసి అమ్మేది) వేశాను. రెండు నెలల క్రితం గుప్పెడు నూకలు చల్లితే రెక్కలు విప్పుకుని పరిగెత్తుకొచ్చాయి. ఎంత ఇష్టంగా తిన్నాయో! రోజూ అదే పొడిమేత తిని విసుగొస్తుందేమో అనిపించి అప్పట్నుంచి సగం లేయర్ మేత, సగం నూకలు, మొక్కజొన్న కలిపి పెడుతున్నాను. గుల్ల విడిగా పెట్టడం లేదు, మేతలో ఉంటుంది కదా అనుకున్నాను. మెడ మీద కొంచెం ఈకలు రాలుతున్నాయి. రాత్రి చూడలేదు. పెంకు పల్చగా రావడం దాదాపు అన్నిటికీ ఉంది, తోలుగుడ్డు మాత్రం ఒకటే పెడుతోందని అనుమానం.

పాతగంప
రెండు నెలల క్రితం మేత మారింది. నెల క్రితం పెంకు మారింది. అదీ సంగతి.

లెక్కలపిచ్చి
లెక్క వేసి చూపిస్తాను, నాకు ఇదే సరదా.

రెండు కిలోల గోధుమ హైబ్రిడ్ పెట్ట రోజుకి 110 నుంచి 120 గ్రాములు తింటుంది. 115 అనుకుందాం. లేయర్ మేతలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. 3.8 అనుకుంటే రోజుకి 4.4 గ్రాములు ఒంట్లోకి పోతుంది. అందులో సగం దాకా ఒంటికి పడుతుంది, అంటే 2.2 గ్రాములు. ఒక గుడ్డు పెంకులో ఉండే కాల్షియం కూడా రెండు గ్రాముల పైచిలుకే. సరిగ్గా సరిపోయింది కదా? ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆ మేత తయారుచేసేదే ఆ లెక్కతో.

ఇప్పుడు మీ మేత. సగం లేయర్ మేత అంటే 57 గ్రాములు, కాల్షియం 2.2 గ్రాములు. నూకల్లో, మొక్కజొన్నలో కాల్షియం దాదాపు లేనట్టే. ఆ 2.2లో సగం పడితే 1.1. గుడ్డుకి రెండు పైన కావాలి. రోజూ ఒక గ్రాము అప్పు!

మాంసకృత్తులు కూడా చూడండి. 17 శాతం మేత 115 గ్రాములు తింటే 19.5 గ్రాములు. గింజల్లో 8 శాతం ఉంటుంది అనుకుంటే మీ సగం సగం మేతలో 14.4 గ్రాములే. ఈకలు కూడా అవే మాంసకృత్తులతో రావాలి.

ఐదుపెట్టలు
ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ప్రేమగా పెట్టిందే వాటికి చేటు చేసిందన్నమాట.

చుక్కలకోడి
అక్కా, బాధపడకండి. ఇక్కడ ఉన్నవాళ్లలో సగం మంది ఇదే చేసి నేర్చుకున్నారు. గింజ వేస్తే పరిగెత్తుకొస్తుంటే మనసు ఆగదు. నేనైతే మరీ అన్యాయం, చలిగా ఉందని మూడొంతులు మొక్కజొన్న పెట్టాను. పెట్టలు కొవ్వెక్కాయి, ఒకదానికి గుడ్డు పెట్టేటప్పుడు వెనక భాగం ఎర్రగా బయటికి వచ్చేసింది. మిగతావి దాన్ని పొడిచాయి. విడిగా పెట్టి, శుభ్రంగా కడిగి, వెనక్కి నెట్టి, చీకట్లో ఉంచి గుడ్డు ఆపించాను. బతికింది కానీ ఆ వారం రోజులు నాకు నిద్ర లేదు.

నాటుమాట
మా కోళ్లు ఏళ్ల తరబడి గింజలు, పురుగులు తినే గుడ్లు పెట్టాయి. వాటికి ఏ లెక్కా లేదు. మేతలో గ్రాముల తేడాకే ఒళ్లు గుల్లయ్యే కోడిని ఎందుకు పెంచాలి అన్నదే నా ప్రశ్న.

పాతగంప
మంచి ప్రశ్నే నాటుమాట గారూ. కానీ మీ పెట్ట ఏడాదికి 60 గుడ్లు పెట్టి, మధ్యలో నెలల తరబడి ఆగుతుంది. ఆగినప్పుడల్లా ఒళ్లు కోలుకుంటుంది. అన్ని కోళ్లకీ పూర్వీకురాలైన అడవికోడి ఏడాదికి పెట్టేది పది, పదిహేను గుడ్లే. దానికి ఎముకల్లో ఉన్న నిలవ చాలు.

హైబ్రిడ్ సంగతి వేరు. ఏడాదికి 300 గుడ్లు. గుడ్డు 60 గ్రాములనుకుంటే 18 కిలోలు. రెండు కిలోల పెట్ట తన బరువుకి తొమ్మిది రెట్లు గుడ్ల రూపంలో ఇస్తోంది. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. మేత చాలకపోతే నాటుపెట్ట ముందు గుడ్డు ఆపేస్తుంది. హైబ్రిడ్ పెట్ట అంత తేలిగ్గా ఆపదు. ఆపే గుణాన్ని మనుషులే తరతరాలుగా ఎంచి ఎంచి తీసేశారు. మేతలో లేకపోతే ఎముకలోంచి తీసి గుడ్డు పెడుతుంది. కాబట్టి 'మిషన్' అన్నవాళ్ల మాటతో నాకు పేచీ ఉంది. మిషన్‌లో నూనె లేకపోతే ఆగుతుంది. ఇది ఆగదు, తనని తాను కరిగించుకుంటుంది. దాన్ని తెచ్చుకున్నాక మేత కొలత మన పూచీ.

లెక్కలపిచ్చి
పెట్ట ఒంట్లో మొత్తం కాల్షియం 20 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. 300 పెంకులకి 660 గ్రాములు కావాలి. ముప్పై రెట్లు దాటింది. పాతగంప గారి మాటకి ఇంకో సాక్ష్యం.

మందులపెట్టె
పశువైద్యంలో ఉన్నాను, రెండు మూడు విషయాలు చెబుతాను.

గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో పెంకు పోయడానికే దాదాపు 20 గంటలు, అదీ ఎక్కువ భాగం రాత్రిపూట. పొద్దున తిన్న మెత్తటి కాల్షియం పొడి రాత్రికి అయిపోయి ఉంటుంది. అందుకే గుల్ల పొడిగా కాకుండా పలుకులుగా ఉండాలి. పలుకులు కందనకాయలో నిలిచి రాత్రంతా నెమ్మదిగా కరుగుతాయి, సరిగ్గా కావలసిన వేళకి అందుతాయి. విడి గిన్నెలో పెట్టండి. పెట్టలకి ఎంత కావాలో వాటికే తెలుసు, సాయంత్రం పూట వెళ్లి ఏరుకుని తింటాయి.

చనిపోయిన పెట్ట గురించి. తోక వేలేసి నిటారుగా నిలబడటం, పొట్టలో నీరు, ఇవి వింటే పచ్చసొన గుడ్డు గొట్టంలోకి దిగకుండా కడుపులో పడి చీము పట్టిందేమో అనిపిస్తుంది. ఎక్కువ గుడ్లు పెట్టే జాతుల్లో, రెండో ఏట ఇది తరచుగా చూస్తాం. కోసి చూడకుండా ఇదే అని తేల్చలేం. కానీ మీ నూకల వల్లే అది పోయిందని మాత్రం అనుకోకండి. మంచి మేత తిన్న పెట్టలకీ వస్తుంది.

ఇంకోటి, వయసు. పెట్ట పెద్దదయ్యే కొద్దీ గుడ్డు సైజు పెరుగుతుంది, పోసే పెంకు మాత్రం అంతే. అదే పిండితో పెద్ద రొట్టె చేస్తే పల్చబడుతుంది కదా. మేత సరిచేసినా 25 వారాల వయసులో వచ్చిన పెంకు మళ్లీ రాదు.

కొత్తగాచేరా
ఎండలు ఎక్కువగా ఉన్నప్పుడు కూడా పెంకు పల్చబడుతుందా? మావి నోరు తెరుచుకుని రొప్పుతున్నాయి, పెంకులు గాజుపలకల్లా ఉన్నాయి.

మందులపెట్టె
అవును. కోడికి చెమట పట్టదు, రొప్పి వేడి తగ్గించుకుంటుంది. రొప్పినప్పుడు రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోతుంది. పెంకు కాల్షియం కార్బొనేట్ కాబట్టి ముడిసరుకు తగ్గినట్టే. పైగా వేడికి మేత తక్కువ తింటాయి. నీడ, గాలి, చల్లటి నీళ్లు చూడండి. మామూలు రోజుల్లో తిన్న మేతకి రెట్టింపు బరువు నీళ్లు తాగుతాయి, ఎండల్లో ఇంకా చాలా ఎక్కువ. నీళ్ల గిన్నె ఒక్కపూట ఎండిపోయినా గుడ్ల మీద దెబ్బ కనిపిస్తుంది. మేత పొద్దున్నే, సాయంత్రం చల్లబడ్డాక పెట్టండి.

గూడుమేస్త్రి
ఐదుపెట్టలు అక్కా, రాత్రి టార్చి వేసి చూడలేదన్నారు. ఈ రాత్రే చూడండి. తెల్ల కాగితం తీసుకుని కర్ర కింది వైపు, కర్ర గోడలో దూరే చోట రుద్దండి. కాగితం మీద ఎర్రటి గీతలు పడితే ఎర్ర నల్లి ఉన్నట్టే. పగలు సందుల్లో దాక్కుంటుంది, రాత్రి పెట్టల మీదికెక్కి రక్తం తాగి దిగిపోతుంది. పగలు కోడిని పట్టుకుని ఈకలు విప్పి చూస్తే ఏమీ కనిపించదు, అందుకే చాలామంది మోసపోతారు.

నా సంగతి చెబుతాను. ఆరు పెట్టలు, తురాయిలు పాలిపోయాయి, గుడ్లు సగానికి పడ్డాయి. ఒకటి గూట్లోకి వెళ్లనని చెట్టెక్కి కూర్చునేది. మొండిదని తిట్టుకుని రోజూ పట్టుకుని లోపల పెట్టాను. ఒక రాత్రి కర్ర ఊడదీస్తే చివర ఉన్న పగుల్లో బూడిదరంగు ముద్ద, వేలు పెడితే రక్తం. దాన్ని రోజూ నా చేత్తోనే ఆ నల్లులకి అప్పజెప్పానన్నమాట. ఇప్పటికీ ఏదైనా కోడి గూట్లోకి రానంటే ముందు గూడునే అనుమానిస్తాను.

పెట్టలు లేకపోయినా నెలల తరబడి చావదు అది. కర్రలు ఊడదీసి, సందులన్నీ వేడినీళ్లతో కడిగి, ఆరాక మందు వేసి, వారం తిరిగేసరికి మళ్లీ అదే పని చేయాలి. గుడ్ల నుంచి కొత్త పురుగు వారంలోపే వచ్చేస్తుంది.

తెల్లారిపుంజు
ఇది చదువుతుంటే నాకు ఒళ్లంతా దురద. టార్చి తీసుకుని వెళ్తున్నా.

తెల్లారిపుంజు
కాగితం తెల్లగానే ఉంది. పుంజు మాత్రం తెల్లారిందనుకుని కూసింది. పక్కింట్లో లైట్ వెలిగింది.

కొత్తగాచేరా
ఇంకో డౌట్. మా హైబ్రిడ్ పెట్టలతో పాటు ఒక పుంజు ఉంది. ఆ గుడ్లు పొదిగిస్తే అలాగే 300 గుడ్లు పెట్టే పిల్లలు వస్తాయా? వస్తే ఇక కొనే పనే ఉండదు కదా.

మేడమీదకోళ్లు
నేను చేసి చూశాను. మొదటి చిక్కు, హైబ్రిడ్ పెట్ట పొదుగు పట్టదు. ఆ గుణం కూడా తీసేశారు. నాటుపెట్ట కింద పన్నెండు గుడ్లు పెట్టాను, 21 రోజులకి తొమ్మిది పిల్లలు. తొమ్మిదీ తొమ్మిది రకాలు. ఒకటి తల్లి రంగు, రెండు తెల్లవి, ఒకటి నల్ల చుక్కలు. అందులో ఐదు పుంజులు! మిగిలిన నాలుగు పెట్టల్లో ఒకటి తల్లిలాగే పెడుతుంది, రెండు మధ్యస్తం, ఒకటి వారానికి రెండు.

పాతగంప
కారణం చెబుతాను. ఈ గోధుమ హైబ్రిడ్లు ఒక జాతి కాదు, వేరువేరు వరసల సంకరం. ఎక్కువ వాటిలో తండ్రి వైపు రోడ్ ఐలాండ్ రెడ్ అనే ఎర్ర జాతి, తల్లి వైపు రోడ్ ఐలాండ్ వైట్ అనే తెల్ల జాతి రక్తం ఉంటుంది. 1978లో ఫ్రాన్స్‌లో తయారైన ఈసా బ్రౌన్ అలాంటిదే. ప్రతి వరసనీ విడిగా ఏళ్ల తరబడి ఎంచి, చివర్లో కలిపితే ఆ ఒక్క తరానికే ఆ జోరు వస్తుంది. తర్వాతి తరంలో గుణాలు చెదిరిపోతాయి. మేడమీదకోళ్లు గారి తొమ్మిది పిల్లలే రుజువు.

ఇంకో విశేషం. ఎర్ర తండ్రి, తెల్ల తల్లి కలయికలో పిల్ల పుట్టిన రోజునే రంగు చూసి చెప్పేయొచ్చు. ఆడపిల్లలు గోధుమరంగు, మగవి లేతపసుపు. రంగు జన్యువు లింగంతో పాటు వచ్చే ఏర్పాటు అది. తర్వాతి తరంలో ఆ గుర్తు కూడా పనిచేయదు.

కొత్తగాచేరా
అంటే ప్రతిసారీ కొనాల్సిందే. మరి ఆ మగపిల్లలు ఏమవుతాయి?

పాతగంప
పెద్ద హేచరీల్లో చాలాచోట్ల పుట్టిన రోజే చంపేస్తారు. గుడ్లు పెట్టవు, మాంసానికి పెరగవు. జర్మనీ 2022 మొదలు నుంచి దాన్ని నిషేధించింది. హైబ్రిడ్లు పెంచేవాడినే అయినా ఈ సంగతి దాచి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

నాటుమాట
ఒప్పుకున్నందుకు సంతోషం. నా బాధలో సగం ఇదే.

చుక్కలకోడి
లైట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. చలికాలంలో పగలు తగ్గితే గుడ్లు తగ్గుతాయి, అందుకని బల్బు పెట్టి రోజుకి 16 గంటలు వెలుగు ఇస్తారు కొందరు. నాకు నచ్చదు. ఈకలు మార్చుకుని, ఒళ్లు కూడదీసుకునే సమయం అది. ఆ కాస్త విశ్రాంతి కూడా లాక్కుంటే ఎలా?

మేడమీదకోళ్లు
నేను పెడతాను. మొదటి ఏడాది పెట్టలకి పెడితే ఏమీ కాలేదు. మేత పూర్తిగా ఇచ్చి, వెలుగు 14, 15 గంటల దగ్గర ఆపితే అన్యాయం అనను. గుడ్ల కోసమే కదా హైబ్రిడ్లు తెచ్చుకున్నాం.

చుక్కలకోడి
గుడ్ల కోసమే తెచ్చుకున్నాం, సరే. రెండో ఏట ఈకలు రాల్చుకుంటున్న పెట్టకి కూడా పెడతారా?

మేడమీదకోళ్లు
దానికి పెట్టను. అక్కడ మీతో ఏకీభవిస్తాను.

మందులపెట్టె
లైట్ పెట్టేవాళ్లు తెల్లవారుజామున పెట్టండి, సాయంత్రం వద్దు. సాయంత్రం బల్బు ఠక్కున ఆరితే కర్ర ఎక్కని పెట్టలు చీకట్లో నేల మీదే ఉండిపోతాయి. ఇంకా ఎదుగుతున్న పిల్లపెట్టలకి వెలుగు పెంచి తొందరగా గుడ్డుకి తెస్తే ఒళ్లు సరిగా కట్టుకోకముందే గుడ్లు మొదలై, చుక్కలకోడి గారు చెప్పినట్టు వెనక భాగం జారిపోయే ప్రమాదం ఉంది. అలాగే లేయర్ మేత కూడా 16 వారాల లోపు వద్దు. అంత కాల్షియం పిల్లల మూత్రపిండాలు తట్టుకోలేవు.

గూడుమేస్త్రి
కర్ర ఎత్తు గురించి కూడా. గుడ్లు పెట్టే పెట్టల రొమ్ము ఎముక తేలిగ్గా విరుగుతుంది, కాల్షియం తక్కువైన పెట్టల్లో మరీను. ఎత్తు కర్ర మీంచి దూకి ఢీకొంటే పగులుతుంది, బయటికి కనిపించదు. పట్టుకుని రొమ్ము మధ్యలో వేలితో తడిమితే గీత తిన్నగా ఉండాలి. వంకరగానో ముడిలాగానో తగిలితే ఎప్పుడో విరిగి అతుక్కున్నట్టే. నేను కర్ర మోకాలి ఎత్తుకి దించేసి, పక్కనే వాలు పలక పెట్టాను. నడుచుకుంటూ ఎక్కుతాయి.

ఐదుపెట్టలు
మీరు చెప్పినట్టే ఇవాళ నాలుగింటినీ పట్టుకుని తడిమాను. మూడింటికి తిన్నగా ఉంది. నాలుగోదానికి మధ్యలో చిన్న ముడి తగిలింది. దాని మెడ దగ్గర తెల్ల ఈక ఉంటుంది, తోలుగుడ్డు పెట్టేది కూడా అదేనని ఇవాళే కనిపెట్టాను. పొద్దున నాలుగున్నరకి లేచి గూటి దగ్గర కూర్చున్నాను. కర్ర మీదే నిలబడి, కాసేపు వంగి, జార్చేసి, ఏమీ జరగనట్టు దులపరించుకుంది.

కాగితం రుద్దాను. ఒక చివర రెండు ఎర్ర గీతలు పడ్డాయి. పెద్దగా లేదు కానీ ఉంది.

గూడుమేస్త్రి
రెండు గీతలప్పుడే దొరకడం అదృష్టం. రేపే కర్ర ఊడదీయండి.

తెల్లారిపుంజు
నాలుగున్నరకి లేచారా! నా పేరు మీకు ఇచ్చేయాలి అక్కా.

నాటుమాట
ఒక మాట. నేను జాతినే తప్పు పట్టాను, ఇప్పటికీ నాకు నాటుకోడే ఇష్టం. కానీ పెట్టని ఒళ్లో పెట్టుకుని రొమ్ము ఎముక తడిమేవాళ్లు ఏ కోడిని పెంచినా పర్వాలేదు అనిపిస్తోంది.

కొత్తగాచేరా
గుడ్లు ఆగిపోయాక ఏం చేస్తారు అందరూ? మొహమాటం లేకుండా చెప్పండి, నేను ఇప్పుడే నిర్ణయించుకోవాలి.

మేడమీదకోళ్లు
మేము రెండో ఏడు దాటాక కోసేస్తాం. మేతకి తగ్గ గుడ్లు రావు. బాధగా ఉంటుంది, కానీ పిల్లలకి కూడా ముందే చెప్పి పెంచుతున్నాం.

చుక్కలకోడి
మేము కొయ్యం. నా పెద్ద పెట్టకి ఆరేళ్లు. మొదటి ఏడు దాదాపు రోజూ, రెండో ఏడు వారానికి ఐదు, మూడో ఏడు మూడు నాలుగు, ఇప్పుడు ఎప్పుడో ఒకటి. దానితో వచ్చిన ముగ్గురూ మూడు నాలుగేళ్లకే పోయారు. హైబ్రిడ్లు ఎక్కువ కాలం బతుకుతాయని ఎవరికీ మాట ఇవ్వలేను.

పాతగంప
ఎవరి పద్ధతి వాళ్లది, కానీ తెచ్చుకునే రోజే తేల్చుకోవాలి. గుడ్లు ఆగాక పోట్లాడుకుంటే కోడికీ మనకీ కష్టం.

నేను చేసేది చెబుతాను. అన్నీ ఒకే వయసువి తెచ్చుకోను. ఒకే ఈడువైతే ఒకేసారి ఈకలు రాల్చి, ఒకేసారి ఆగిపోతాయి, ఇల్లంతా గుడ్లు లేక దిగాలు. ఏటా రెండో మూడో కొత్తవి కలుపుతాను. పాతవి తగ్గినా కొత్తవి అందుకుంటాయి. కానీ కొత్తవాటిని తెచ్చిన రోజే మందలో వదలకూడదు. మూడు నాలుగు వారాలు దూరంగా ఉంచి, తుమ్ములూ కళ్ల నీళ్లూ లేవని చూసుకోవాలి. మారెక్స్, కొక్కెర తెగుళ్లకి టీకాలు పడ్డాయో లేదో కొనేటప్పుడే అడగాలి. తర్వాత వారం పది రోజులు మధ్యలో జాలీ పెట్టి ఒకదాన్నొకటి చూసుకోనివ్వాలి. ఒక్కదాన్నే తేవద్దు, దాన్ని బతకనివ్వవు.

ఐదుపెట్టలు
మూడు వారాలైంది, ఏం జరిగిందో చెబుదామని వచ్చాను.

నూకలు కలపడం మానేశాను. పూర్తిగా లేయర్ మేతే. సాయంత్రం నాలుగు పెట్టలకీ కలిపి ఒక్క గుప్పెడు గింజ, అదీ కడుపు నిండా మేత తిన్నాకే. గుల్ల పలుకులు విడి గిన్నెలో పెట్టాను. మొదటి సాయంత్రం నాలుగూ ఆ గిన్నె చుట్టూ చేరి టకటకమని తినడం చూస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత కొరతగా ఉంటే అలా తింటాయి! వారం తర్వాత అంత తొందర లేదు, సాయంత్రం నాలుగు పలుకులు ఏరుకుని వెళ్తున్నాయి.

కర్ర ఊడదీసి రెండుసార్లు కడిగాను. పోయిన వారం కాగితం తెల్లగానే ఉంది. కర్ర మోకాలి ఎత్తుకి దించాను.

పదో రోజుకి రెండింటి పెంకులు గట్టిపడ్డాయి, గిన్నె అంచుకి కొట్టినప్పుడు మళ్లీ పాత శబ్దం వస్తోంది. మూడోది ఈకలు పూర్తిగా రాల్చేసి గుడ్లు ఆపింది. దాన్ని తొందరపెట్టడం లేదు. తెల్ల ఈకది మాత్రం ఇంకా తోలుగుడ్లే, మూడు నాలుగు రోజులకొకటి.

మందులపెట్టె
తెల్ల ఈకదానికి పెంకు పోసే గదిలోనే లోపం ఉండొచ్చు. దాన్ని మేతతో సరిచేయలేం. తింటోంది, తిరుగుతోంది అంటే అలాగే ఉండనివ్వండి. తోక వేలేసినా, ఒకచోటే నిలబడినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి. ఈసారి మూడు రోజులు ఆగొద్దు.

ఐదుపెట్టలు
ఆగను. రోజూ పొద్దున మొదట దాన్నే చూస్తున్నాను.

వచ్చే నెల రెండు పిల్లపెట్టలు తెస్తున్నాను. హైబ్రిడ్లే. వాటికి విడి గూడు సిద్ధం చేశాను, నాలుగు వారాలకి సరిపడా ఎదుగుదల మేత కూడా తెచ్చి పెట్టాను. నాటుమాట గారూ, మీరు ఒప్పుకోరని తెలుసు.

నాటుమాట
తెచ్చుకోండి అమ్మా. మా నాటుపెట్ట పొదుగు మీద ఉంది, కావాలంటే రెండు పిల్లలు పంపిస్తాను, వాటితో పాటు తిప్పుకోండి.

తెల్లారిపుంజు
అప్పుడు ఎనిమిది అవుతాయి. పేరు మార్చుకోవాలి మీరు.

ఐదుపెట్టలు
పేరు మార్చను. ఐదోది కూడా నాదే కదా.

గూడుమేస్త్రి
ఎనిమిదికి గుడ్లపెట్టెలు రెండు కావాలి, కర్ర మీద ఒక్కోదానికి జానెడు చోటు. కొలతలు పంపండి, గీసి పెడతాను.